సంచి విప్పండి! తలుపు తీయండి!

కర్నూలు, కడప ఊళ్ళల్లో బతికే మనందరికీ ఒక పిలుపు

అన్నలారా! అక్కలారా! ఆటో స్టాండు తమ్ముళ్ళారా! చికెన్ కొట్టు అన్నలారా! అద్దె ఇండ్లల్లో కాపురం చేసే అమ్మల్లారా!

ఆ సంచి మీకు తెలుసు. తెలీదని చెప్పొద్దు!

పాత బియ్యం సంచి. మూతికి పురికొస తాడు. లోపల ఏదో మెదులుతాంటాది. సన్నగా అరుపు. హంద్రీ ఒడ్డున ఒకటి. బుగ్గవంక వంతెన కింద ఒకటి. మార్కెట్ యార్డు గోడ పక్కన ఒకటి. గుడి మెట్ల కాడ, దర్గా వీధి మూలన, హైవే డాబా ఎనక. ఎన్ని చూళ్ళేదు మనం? ఎన్నిసార్లు చూసీ చూడనట్టు బండి ముందుకు పోనియ్యలేదు?

పిల్లిని చంపితే పాపం! బంగారు పిల్లిని చేయించి దానమియ్యాలని పెద్దోళ్ళు చెప్పినారు. అందుకని మనం చంపం. సంచిలో కట్టి ఊరవతల వదిలేసి వస్తాం. చేతికి నెత్తురు అంటదు. మిగతా పని ఎండ చూసుకుంటాది. కుక్కలు చూసుకుంటాయి. 44వ నంబరు హైవే మీద లారీలు చూసుకుంటాయి. ఇది చంపడం కాదా? పాపం సంచి మీదికి పోతాదా?

మన ఎండ సంగతి మనకు చెప్పాల్నా! మే నెలలో మధ్యాహ్నం బండల మీద కాలు పెట్టగలమా? చెప్పుల్లేకుండా నాలుగు అడుగులు వేయగలమా? కళ్ళు కూడా సరిగా తెరవని పిల్ల ఆ బండ మీద ఎంతసేపు ఉంటాది?

ఇల్లు పోవడమంటే ఏందో మనకు తెలుసు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారి కర్నూలు మీద పడినప్పుడు మనం మిద్దెలెక్కి రాత్రంతా కూర్చున్నాం. 2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీదికి వచ్చినప్పుడు రాజంపేట పక్క జనం కట్టుబట్టలతో మిగిలినారు. అప్పుడు ఎవరో ఒకరు తలుపు తీసినారు. ఎవరో ఒకరు ముద్ద పెట్టినారు. నువ్వెవరని అడగలేదు. అందుకే మీతో చెప్తాండాం. ఇంకెవరితో చెప్తాం?

ఇది పిల్లుల గోల కాదు. మన గోల!

రాత్రి రెండు గంటలకు గోడ మీద ఆ ఏడుపు. ఎవరికి నిద్ర పడతాంది? తెల్లారి పనికి పోవాల్సినోడికి, పరీక్షకు చదివే పిల్లకు, ఇంట్లో జ్వరంతో పడుకున్న ముసలామెకు. "పిల్లి ఏడ్చింది, ఎవురికో మూడింది" అంటారు. ఎవురికీ మూడలేదబ్బా! అది జత కోసం అరుపు. ఆపరేషన్ చేయిస్తే ఆగిపోతాది.

ఆడపిల్లికి నాలుగైదు నెలలు నిండితే చాలు, చూలు కట్టే వయసు. తొమ్మిది వారాలు మోస్తాది. ఈనుతాది. మళ్ళా కడతాది. ఒక ఇంట్లోంచి తరిమితే ఇంకో ఇంటి అటక మీద ఈనుతాది. సంచిలో ఎన్ని మోస్తారు? ఎన్నిసార్లు మోస్తారు? సంచితో ఆగిందా ఎప్పుడైనా?

ఇంకో పక్క ఎలుకలు. చెనిక్కాయల మూట కొరికేస్తాయి. బియ్యం డబ్బా ఎనక కాపురం పెడతాయి. స్కూటర్ వైర్లు తెంపేస్తాయి. ఎలుక వస్తే ఎనకనే పాము వస్తాది, ఈ సంగతి చేనున్నోడికి చెప్పాల్నా? అప్పుడేం చేస్తాం? ఎలుకల మందు తెచ్చి మూలన పెడతాం. పసిపిల్లలు తిరిగే ఇంట్లో! ఆ మందు తిన్న ఎలుకను పిల్లి తింటాది. పిల్లి చస్తాది. ఎలుకలు మళ్ళా వస్తాయి. ఎవరికి లాభం? మందు అమ్మినోడికి తప్ప!

ఇంక మన పిల్లోళ్ళు. బడి నుంచి వస్తా వస్తా చొక్కాలో దాచుకుని ఒక పిల్లను తెస్తారు. "పో, తెచ్చిన కాడనే పెట్టిరాపో!" అని కసురుతాం. వాడు ఏడుస్తా పోయి పెట్టొస్తాడు. ఆ రోజు వాడికి మనం ఏం నేర్పించినట్టు?

వీధికొకామె ఉంటాది. తన కంచంలో మిగిలింది కాదు, తన కంచంలోదే తీసి పిల్లులకు పెడతాది. పొయ్యిలో పిల్లి లేవని ఇల్లే ఆమెది కూడా! ఆమెకు దక్కేదేంది? ఇంటి ఓనరు తిట్లు. పక్కింటోళ్ళ ఎగతాళి. "పిల్లులామె" అని పేరు. ఆమె చేసేది మనందరి పని కాదా? ఒక్కామె నెత్తిన ఎందుకు వేసినాం?

కాలవలోంచి తీస్తే అయిపోలేదు!

తీసేవాళ్ళు ఉండారు మన ఊళ్ళల్లో. ఆటో ఇంజన్‌లో ఇరుక్కున్న పిల్లను గంటసేపు తంటాలు పడి తీసే మెకానిక్ ఉండాడు. డ్రైనేజీలో చెయ్యి పెట్టే కుర్రోళ్ళు ఉండారు. వాళ్ళకు దండం! తీసినాక ఏం జరుగుతాది? ఫోటో తీసి స్టేటస్ పెడతారు. "ఎవరికైనా కావాల్నా?" అందరూ లవ్ గుర్తు పెడతారు. ఇల్లు మాత్రం ఒక్కరూ ఇయ్యరు. రెండ్రోజులకు ఆ పిల్ల మళ్ళా అదే కాలవ కాడికి చేరుతాది.

హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ 1992 నుంచి పనిచేస్తాంది. విశాఖలో జంతు సంరక్షణ సంఘం 1996 నుంచి ఉంది. దెబ్బ తగిలిన జీవాలను తెచ్చి, బాగుచేసి, కావాల్సిన ఇంటికి దత్తత ఇస్తారు. మన కాడ పిల్లులకని ఒక గది యాడుంది? ఎవరు కట్టించినారు? కట్టించేదాకా పిల్లలు ఆగుతాయా? ఆగవు! అందుకే చెప్తాండాం, మన ఇండ్లే ఆ గది. వీధికి ఒక్క ఇల్లు చాలు. ఒక్కో ఇంటికి ఒక్క పిల్లి చాలు.

చట్టం ఉంది. చదవండి!

తిండీ నీళ్ళూ లేక అల్లాడిపోతాదని తెలిసీ జంతువును వదిలేయడం నేరం. 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం, 11వ సెక్షన్. శిక్ష ఎంతనుకుంటున్నారు? మొదటిసారి పది రూపాయల నుంచి యాభై రూపాయల జరిమానా! యాభై! ఒక ప్లేటు ఉగ్గాని బజ్జీ తిని టీ తాగితే అయిపోయే డబ్బు! 1960లో రాసిన అంకె. ఇంకా అదే నడుస్తాంది. ఒక ప్రాణం ధర!

కానీ విషం పెట్టినా, చంపినా, కాలు విరగ్గొట్టినా కథ వేరు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం ఐదేళ్ళ దాకా జైలు పడొచ్చు. "పిల్లే కదా" అనేవాళ్ళకు ఈ ముక్క చదివి వినిపించండి. జీవాల మీద దయ చూపించడం మన ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోనే రాసుంది, 51-ఎ అధికరణంలో. పుణ్యం కోసం చేసే పనని తోసేయడానికి లేదు. బాధ్యత!

తెచ్చుకున్నారా? ఇట్లా చూసుకోండి!

ముందు ఒక మాట. పిల్ల ఒంటరిగా కనపడగానే ఎత్తుకోవద్దు! తల్లి తిండికి పోయుండొచ్చు. పిల్లి తన పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతాదని మనకు తెలియంది కాదు. ఒకదాన్ని చేర్చి ఇంకోదాని కోసం వస్తాంటాది. దూరంగా నిలబడి రెండు మూడు గంటలు చూడండి. తల్లి రాలేదా? ఎండలో, రోడ్డు మీద ఉందా? అప్పుడు ఎత్తండి.

ఒళ్ళు చల్లబడి ఉంటే ముందు గుడ్డలో చుట్టి వెచ్చబరచండి. చల్లబడిన పిల్లకు నోట్లో ఏదీ పోయొద్దు. కళ్ళు పుసికట్టి అతుక్కుపోయుంటే గోరువెచ్చని నీళ్ళల్లో దూది ముంచి, ముక్కు పక్క నుంచి బయటికి మెల్లగా తుడవండి. గోరుతో గీకొద్దు. తుడిచిన దూది మళ్ళా వాడొద్దు. కాసేపటికి ఒక కన్ను విచ్చుకుంటాది. ఆ కన్ను మిమ్మల్నే చూస్తాది. ఇంక వదిలేయడం మీ వల్ల కాదు!

పాలు. అందరూ చేసే తప్పు ఇదే. ఆవుపాలు, బర్రెపాలు పిల్లి పిల్లకు పడవు. విరేచనాలు పట్టుకుంటాయి. నాలుగు వారాలు నిండని పిల్లకు మందుల షాపుల్లో, పెట్ షాపుల్లో దొరికే పిల్లి పాలపొడి కలిపి పట్టండి. బోర్లా ఉంచి పట్టండి. వెల్లకిలా వేసి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాది. నెల దాటినాక ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, ఉడికించిన గుడ్డు. చికెన్ కొట్టు అన్నలారా, మీరు పారేసే తునకలతో వీధి పిల్లులన్నీ బతుకుతాయి! పప్పన్నం, పెరుగన్నం మాత్రమే పెడతామంటారా? అట్లయితే తేవొద్దు. మాంసం లేకుంటే పిల్లికి కళ్ళు పోతాయి, గుండె చెడతాది. మీ నియమం మీది. దాని ఒళ్ళు దానిది.

ఇంక మొదటి పక్షం రోజులు. పిల్లి మీ ఇంట్లో ఉంటాదా పోతాదా అన్నది ఇక్కడే తేలుతాది.

తెనాలి రామలింగడి పిల్లి కథ మనందరం విన్నాం. ఎలుకల బాధకు రాయలవారు ఇంటింటికీ పిల్లినిచ్చి, పాలకు ఆవునిచ్చినారంట. రామలింగడి పిల్లి పాలు చూస్తేనే పారిపోయిందంట. ముందే కాగే పాలు పెట్టి మూతి కాల్చినాడు కదా! విని నవ్వినాం. మూతి కాలిన దాని సంగతి ఎవరన్నా ఆలోచించినామా? మీ ఇంటికొచ్చే ప్రతి పిల్లికీ యాడో ఒకచోట మూతి కాలింది. ఎవరో తన్నినారు. ఎవరో నీళ్ళు పోసినారు. ఎవరో సంచిలో కట్టినారు. మీరు మంచోళ్ళని దానికెట్లా తెలుస్తాది?

అందుకే తొందర వద్దు!

ఒక గది ఇయ్యండి. ఒక మూల ఇయ్యండి చాలు. నీళ్ళ గిన్నె, తిండి గిన్నె ఒక పక్క. తట్టలో ఇసుక ఇంకో పక్క. వంక ఇసుకే, కొనాల్సిన పన్లేదు. పిల్లి ఇసుక తట్టకు సులభంగా అలవాటు పడుతాది. రోజూ ఎత్తిపోసి శుభ్రం చేస్తే చాలు.

మంచం కింద దూరుతాది. బీరువా ఎనక నక్కుతాది. లాగొద్దు! కట్టెతో పొడవద్దు! వీధి పిల్లోళ్ళందర్నీ పిలిచి చూపించొద్దు! మొదటి రోజే స్నానం చేయించొద్దు! గదిలో కింద కూర్చుని మీ పని మీరు చేసుకోండి. చిక్కుడుకాయలు ఒలవండి. పేపర్ చదవండి. మీ గొంతు దానికి అలవాటు కావాల. కళ్ళల్లోకి గుచ్చి చూడొద్దు. నిదానంగా రెప్పలు మూసి తెరవండి. కొన్నాళ్ళకు అదీ అట్లే మూసి తెరుస్తాది. అంటే ఒప్పుకున్నట్టు!

దీపాలార్పినాక గిన్నె కాడ చప్పుడు వినపడుతాది. తింటాంది! లేచి చూడొద్దు, పడుకోండి. ఇంకొన్నాళ్ళకు పగలే బయటికొస్తాది. మీ కాలికి ఒళ్ళు రాస్తాది. ఒళ్ళో ఎక్కి గుర్రుమంటాది. ఆ రోజు పక్కింటోళ్ళకు చెప్పండి, అరిచి చెప్పండి!

మూడు నాలుగు వారాలు బయటికి వదలొద్దు. వదిలితే పాత చోటు వెతుక్కుంటా హైవే ఎక్కుతాది. కిటికీలకు మెష్ కొట్టండి.

ఇవి గోడ మీద రాసుకోండి:

పారాసిటమాల్ ముక్క కూడా వేయొద్దు. పిల్లికి అది విషం!
ఫినాయిల్‌తో ఇల్లు తుడవొద్దు. ఆ బండ మీద నడిచి కాళ్ళు నాక్కుంటాది. అదీ విషమే!
కుక్క గోమార్ల మందు పిల్లికి రుద్దొద్దు.
ఉల్లి, ఎల్లిపాయ వేసిన కూర పెట్టొద్దు.
ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మొదటి టీకా. మూడు నెలలు నిండినాక రేబిస్ టీకా.
నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఆపరేషన్. తప్పదు!
గీరినా కరిచినా సబ్బుతో, ధార నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం పూయొద్దు. ప్రభుత్వ ఆస్పత్రికి పోయి టీకా వేయించుకోండి.
ఇంట్లో చూలింత ఉంటే ఇసుక తట్ట ఆమె తీయొద్దు, ఇంకొకరు తీయండి. దానికోసం పిల్లిని వెళ్ళగొట్టాల్సిన పన్లేదు.

సాకులు చాలు!

"పిల్లి ఎదురొచ్చింది, పని చెడింది" అంటారు. పిల్లికి మన పనితో ఏం పని? దాని ఆకలి దానిది. నల్ల పిల్లిని ఎవరూ తీసుకోరు. నలుపు దాని తప్పా?

"వేల రూపాయల పర్షియన్ కొనుక్కుంటాం" అంటారు. మన ఎండకు ఆ బొచ్చు ఉండకట్టి, ఒళ్ళు పుండ్లు పడి, ఆఖరికి అది కూడా రోడ్డున పడుతాంది. మన వీధి పిల్లి ఈ ఎండలో పుట్టింది, ఈ నీళ్ళు తాగి పెరిగింది. ఊరికే వస్తాది. దాన్నొదిలి డబ్బులు పోసి ఎందుకబ్బా?

ఇంటి ఓనర్లారా! మీకూ ఒక మాట. అద్దెకుండేవాళ్ళు ఒక పిల్లిని సాక్కుంటే మీ మిద్దె కూలదు. మీ గోడౌన్లో ఎలుకలు తగ్గుతాయి. "పిల్లికి బిచ్చం పెట్టడు" అనే పేరు మీకొద్దు!

ఈ జిల్లాల్లో దర్గాకు పోయేవాళ్ళూ మనమే, అహోబిలం పోయేవాళ్ళూ మనమే. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన ఆమెకు నరకమని హదీసు చెప్తాది. తల్లి పిల్లి నోట కరుచుకుని పిల్లను మోసినట్టు దేవుడు మనల్ని మోస్తాడని వైష్ణవ పెద్దలు చెప్పినారు. ఎవరి దేవుడు సంచి కట్టమన్నాడు?

మనం అడిగేది ఏంది?

ఒకటి. ప్రతి జిల్లాలో జంతు క్రూరత్వ నివారణ సంఘం ఉండాలని, ఆస్పత్రికీ ఆశ్రయానికీ ప్రభుత్వం స్థలం ఇయ్యాలని 2001 నిబంధనలు చెప్తాండాయి. మన రెండు జిల్లాల్లో ఆ స్థలం యాడ? చూపించండి!

రెండు. పశువుల ఆస్పత్రిలో వారానికొక రోజు పిల్లులకు కేటాయించండి. టీకా, ఆపరేషన్ అక్కడే చేయండి. ఎద్దుకూ గేదెకూ 1962కు ఫోన్ చేస్తే బండి వస్తాంది. మంచిదే! లారీ కింద నడుం విరిగిన పిల్లికి ఎవరికి ఫోన్ చేయాల?

మూడు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. చదువుకునే పిల్లలుండారు, నేర్పే డాక్టర్లుండారు. ఊరూరా ఆపరేషన్ శిబిరాలు పెట్టించండి!

నాలుగు. కర్నూలు, కడప నగరపాలక సంస్థలు నెలకొక ఆదివారం ఒక హాలు ఇయ్యాల. కాపాడిన పిల్లులను అక్కడికి తెస్తాం. ఇల్లున్నోళ్ళు వచ్చి చూసి, నచ్చింది తీసుకుపోతారు. బిల్డింగు అడగలేదు. నీడా, నీళ్ళూ, నాలుగు గంటలు!

ఇప్పుడేం చేయాల?

ఈ వారమే మీ వీధిలో నలుగురు కూర్చోండి. ఎన్ని పిల్లులుండాయో రాసుకోండి. ఎవరు తిండి పెడతారు, ఎవరు ఆస్పత్రికి తీసుకుపోతారు, ఎవరింట్లో ఒక మూల ఖాళీ ఉంది, పంచుకోండి. సాకలేనోళ్ళు కొన్నాళ్ళు ఉంచుకోండి. ఉంచుకోలేనోళ్ళు టీకా ఖర్చు పెట్టుకోండి. అదీ లేనోళ్ళు మిద్దె మీద ఒక గిన్నె నీళ్ళు పెట్టండి. మాకు చేత కాదనే మాట ఎవరి నోటా రాకూడదు!

దత్తత ఇచ్చేవాళ్ళు ఇచ్చి చేతులు దులుపుకోవద్దు. వారానికోసారి పోయి చూసి రండి. ఇల్లు కుదరలేదా? రోడ్డు మీద వదలొద్దు, ఇచ్చిన చేతికే తిరిగి ఇయ్యమని ముందే మాట తీసుకోండి.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఈ నాలుగు డిమాండ్లు తెల్లకాగితం మీద రాసి, వీధంతా సంతకాలు పెట్టి, మందిగా పోదాం. రసీదు తీసుకోకుండా వెనక్కి రావద్దు. మళ్ళా సోమవారం మళ్ళా పోదాం. జవాబు ఇచ్చేదాకా పోదాం!

రేపు మీ కంటి ముందు ఎవరైనా మూతి కట్టిన సంచితో బండి స్టార్ట్ చేస్తే, అడ్డం నిలబడండి. "ఏం తీసుకుపోతాండావన్నా?" అని అడగండి. కొట్లాట వద్దు. ఆ ఒక్క ప్రశ్న చాలు, వీధంతా వినపడేటట్టు!

సంచి కట్టే చెయ్యి ఆగాల!
వీధికొక ఇల్లు తలుపు తీయాల!
పిల్లులకు ఆస్పత్రిలో ఒక రోజు ఇయ్యాల!
ఇయ్యకుంటే సోమవారం కలుద్దాం!

మీ వీధి వాళ్ళం, మీలాంటోళ్ళం

(చదివి పారేయొద్దు. పక్కింటికి ఇయ్యండి. చదవడం రానోళ్ళకు చదివి వినిపించండి.)